రాహుకాలం దాటాక తారురోడ్డు

అమెరికాలో, అరిజోనా ఎడారి ఊరు చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట్లో కుక్క ఉందని తెలిసే వచ్చాను. వచ్చిన మొదటి నాలుగు నెలలూ దాని జోలికి పోలేదు. ఐదో నెలలో అదే వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. గోధుమ రంగు మగకుక్క, పదకొండు కిలోలు. అప్పటినుంచి "అది" కాస్తా "వాడు" అయింది.

జూన్‌లో ఒక శనివారం అమ్మాయి, అల్లుడు తెల్లవారుజామునే పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళారు. "అమ్మా, ఆరులోపు వాణ్ణి ఒకసారి తిప్పెయ్, తర్వాత ఎండ" అని అమ్మాయి చెప్పి వెళ్ళింది. నేనొక్కదాన్నే వాణ్ణి బయటికి తీసుకెళ్ళడం అదే మొదలు. స్నానం, పూజ కాకుండా కొత్త పని ముట్టుకునే అలవాటు నాకు లేదు. వాణ్ణి పెరట్లోకి వదిలి, నా పనులు చేసుకున్నాను. అవి ముగిసేసరికి తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ. సరిగ్గా అప్పుడే రాహుకాలం వచ్చింది. ఇండియా క్యాలెండర్లో వేసిన టైము ఇక్కడ చెల్లదు. ఇక్కడి సూర్యోదయం, సూర్యాస్తమయం చూసి, పగటిని ఎనిమిది భాగాలు చేసి నేనే లెక్క కట్టుకుంటాను. ఆ రోజు పది నలభై రెండుకి వదిలింది. ఇంకో మూడు నిమిషాలు ఆగి తలుపు తీశాను.

వీధి చివరి పోస్టు డబ్బాల దాకా రెండు వందల పన్నెండు అడుగులు. నూరు దాటాక వాడు ఒక కాలు ఎత్తి, ఇంకో కాలు ఎత్తి గెంతసాగాడు. మొండికేస్తున్నాడనుకుని తాడు లాగాను. నాకు మందపాటి చెప్పులున్నాయి, తారు ఎంత కాలుతోందో తెలియలేదు. కుయ్యిమని కూలబడ్డాక వంగి చూస్తే, అరికాళ్ళ నల్లటి మెత్తలు ఊడి ఎర్రగా కనిపించాయి.

నాకు డెబ్బై ఒకటి. అయినా వాణ్ణి ఎత్తుకునే ఇంటికి వచ్చాను. టబ్బులో కాళ్ళ మీద చల్లటి నీళ్ళు పోస్తూ అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఐస్ మాత్రం పెట్టకు. పక్కింటావిడకి చెప్తాను, డాక్టర్ దగ్గరికి డ్రైవ్ చేస్తుంది. అయినా ఇంత ఎండలో ఎందుకు తీసుకెళ్ళావమ్మా?"

వాడే బయటికి లాగాడని చెబుదామనిపించింది. చెప్పలేదు. "రాహుకాలం పోనిద్దామని ఆగాను" అన్నాను.

"ఆ పంచాంగంలో అరిజోనా ఎండ గురించి రాయలేదా?"

డాక్టరమ్మ మూడు కాళ్ళకి కట్లు కట్టి, రెండు వారాలు నడిపించొద్దంది. ఇకమీదట అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఆనించి పది లెక్కపెట్టాలని, అంతసేపు ఓర్చుకోగలిగితేనే కుక్కని దింపాలని నేర్పింది. నా తిరుగు ప్రయాణానికి అప్పటికి ఇరవై ఆరు రోజులుంది. వాడు మళ్ళీ నాతో నడిచాకే విమానం ఎక్కాలని గట్టిగా అనుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ రెండు వారాలూ హాయిగానే గడిచాయి. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి మాత్ర. ఉప్పు లేని పెరుగన్నం ముద్దలో పెడితే మింగేవాడు.

"వాడికి పోపు కూడా పెట్టమ్మా, నా పెళ్ళయ్యాక నాకెప్పుడైనా ముద్దలు కలిపావా?" అనేది అమ్మాయి.

"నువ్వూ కాళ్ళు కాల్చుకుని రా, కలుపుతాను."

పధ్నాలుగో రోజున కట్లు విప్పారు. కింద లేత గులాబీ రంగు చర్మం వచ్చింది. అమ్మాయి తాడు పట్టుకుంటే తోక ఊపుకుంటూ వెళ్ళాడు. నేను పట్టుకుంటే భోజనాల బల్ల కిందికి దూరాడు. మనసు చివుక్కుమంది.

"నిన్ను మరిచిపోలేదులే, బాగా గుర్తుపెట్టుకున్నాడు" అంది అమ్మాయి.

మర్నాటి నుంచి ఐదింటికల్లా గుమ్మంలో కూర్చుని తాడు పక్కన పెట్టుకున్నాను. పిలవలేదు, బతిమాలలేదు. మూడు రోజులు బల్ల కిందినుంచే చూశాడు. నాలుగో రోజు వచ్చి, తాడు వాసన చూసి, నా పక్కన కూర్చున్నాడు. మెల్లిగా మెడపట్టీకి తగిలించాను. గడ్డి మీద నడిచి రోడ్డు అంచున ఆగిపోయాడు. నేను వంగి చెయ్యి తారుకి ఆనించి, వాడికి వినిపించేలా పది లెక్కపెట్టాను. వాడు నా వేళ్ళ పక్కన ముక్కు ఆనించి, ముందొక కాలు, తర్వాత రెండోది దించాడు.

మూడు వందల అడుగులు చాలనుకున్నాను. నాలుగు వందల పది అయ్యాయి. మా వెనకే నడిచి వస్తున్న అమ్మాయి కేకేసింది.

"అమ్మా, ఇక చాలు, వెనక్కి తిప్పు!"

"నేనెక్కడ తిప్పుతున్నానే? వాడే తీసుకెళ్తున్నాడు" అన్నాను, ఆగకుండానే.