కోడలి గోలీలకు మంచిరోజు

మా కోడలు టీచర్ ట్రైనింగ్ చదువుతోంది. అది పూర్తయ్యేదాకా రెండో బిడ్డ వద్దనుకుని, గర్భం రాకుండా వేసుకునే గోలీలు తెచ్చుకుంది. ముట్టు రోజుల్లో ఏదీ మొదలుపెట్టకూడదని నేనే ఆపాను. తలస్నానం అయ్యాక ఇంకొన్నాళ్లు ఆగి, మంచిరోజని నిన్న శుక్రవారం మొదటి గోలీ వేయించాను.

ఈ రోజు ఇల్లందు దవాఖానాలో ఆ మాట చెబితే నర్సమ్మ నవ్వింది.

"ముట్టు మొదలైన అయిదు రోజులల్ల మొదలువెడితే అప్పటిసంది పనిచేస్తుండె అమ్మా. మీరు ఆలస్యం చేసిండ్రు. ఇగ తప్పకుండ ఏడు రోజులు మింగినంకనే నమ్మాలె. అప్పటిదాంక నిరోధ్ వాడాలె, లేకుంటే ఎడంగ ఉండాలె."

గనిలో పనిచేసే కొడుకు సాయంత్రమే సెలవు మీద ఇంటికొచ్చాడు. నిరోధ్ మాట నా నోట ఎట్లా వస్తుంది?

"బిడ్డా, ఈ వారం రాములవారి దీక్షల ఉండు. అరుగు మీద చాప ఏసిన."

"నేనేం మొక్కిన్నే అమ్మా?"

"నువ్వు కాదు, నేను మొక్కిన."

అబద్ధం కాదు, వచ్చేటప్పుడు బస్సులో నిజంగానే మొక్కుకున్నాను. వంటింట్లో కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది.

మంచిరోజు చూసింది నేను, చాప మీద పడుకునేది వాడు. మీరైతే కొడుక్కి ఏమని చెప్పేవారు?