తాడు పట్టుకున్నవాడు పలకలేదు

మా ఇంట్లో తాడు దాటకూడదు. నేల మీద పడి ఉంటే తీసి, చుట్టి, పక్కన పెట్టి పోవాలి. తీరిక లేకపోతే చుట్టు తిరిగి పోవాలి. కాలెత్తి దాటితే మాత్రం నేను ఊరుకోను. బట్టలారేసే తాడైనా సరే, బర్రెను కట్టే పలుపైనా సరే. కాపురానికి వచ్చిన కొత్తలో మా కోడలు ఇదేం చాదస్తమని లోపల్లోపల నవ్వుకునేది. ఆమెకు కారణం చెప్పలేదు. అడగనిది చెప్పే అలవాటు నాకు లేదు.

ఆ కారణం నా నోట వచ్చింది మొన్నమొన్ననే, మా మనవరాలి పుణ్యమా అని.

మనవరాలంటే నా కొడుకు కూతురు. కర్నూల్లో డిగ్రీ చదివింది. ఒకరోజు సంగటి తింటూ, ఉప్పు అడిగినంత తేలిగ్గా అడిగింది.

"జేజీ, నేను మంచుకొండలెక్కేది నేర్చుకునేదానికి పోతా."

"యాడికి?"

"ఉత్తరాదికి. నెల దినాల కోర్సు. సార్లు దగ్గరుండి నేర్పిస్తారు. తాళ్ళు కట్టుకునేది, మంచు మీద నడిచేది, అన్నీ."

"ఈడ కొండలు లేవా?"

"ఈడ మంచు లేదు కదా జేజీ."

"మంచు కావాల్నంటే ఫ్రిజ్జు తెరువు."

నా కొడుకు తలెత్తకుండానే అన్నాడు. "మీ జేజి సరే అంటే పో. ఆమె కాదంటే మళ్ళా నన్నడగొద్దు." వాడు తెలివైనవాడు. నా చేతిలో నుంచి ఏదైనా బయటికి రావడం ఎంత కష్టమో వాడికి తెలుసు. అది అగ్గిపుల్లైనా, అనుమతైనా.

ఆడపిల్ల అంత దూరం పోవడమేంటని కాదు నా బాధ. పిల్ల గట్టిది. నా భయం వేరే.

"తాడు కట్టుకుంటా అంటాండావే, ఆ తాడు రెండో కొస ఎవురి చేతిలో ఉంటాది?"

"సార్ చేతిలో."

"ఆ సారు ఎట్లాంటోడు? నువ్వు చూసినావా?"

పిల్ల దొరికిపోయినట్టు కాకుండా, నన్నే దొరకబుచ్చుకున్నట్టు నవ్వింది. "నువ్వే చూద్దువు రా. ఓర్వకల్లు బండల మీద ముందుగా ఈడ నేర్పిస్తాండారు. ఆ సారే మమ్మల్ని పైకి పిల్చుకుపోయేది. చూసి నువ్వు వద్దంటే నేను పోను. నోరెత్తను."

సరే, చూస్తానన్నాను. చూసి వద్దందామనే అనుకున్నాను.

నేను పుట్టింది బద్వేలు పక్కన ఒక పల్లెలో. అప్పటికి మా వైపు బోర్లు రాలేదు. మా నాయనకు ఒక కపిలె బావి ఉండేది. ఎద్దులు ముందుకూ వెనక్కూ నడుస్తుంటే తోలు తిత్తితో నీళ్ళు పైకి వచ్చే బావి. వానలు సరిగా పడని ఏడు ఎండాకాలంలో దాని అడుగు కనిపించేది. అప్పుడు పూడిక తీయాలి. రాతి మెట్లు సగం దాకానే ఉండేవి. ఆ కింద అంతా నిలువు గోడ. అడుగున బండ నెర్రెలో నుంచి ఊట వచ్చేది. నెర్రెలో బురద పేరుకుంటే ఊట మూసుకుపోయేది. పెద్దవాళ్ళ భుజాలు అందులో పట్టవు. ఇంట్లో సన్నగా ఉన్నది నేనే. అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే బడి మాన్పించారు కాబట్టి పగలంతా చేతికి దొరికేదాన్ని కూడా నేనే.

మా నాయన నా నడుముకూ తొడలకూ మోకు చుట్టి ముడి వేసేవాడు. మోకంటే జనపనారతో పేనిన లావు తాడు. రెండో కొస తన నడుముకు తిప్పుకుని, బావి ఒడ్డున రాతి స్తంభానికి రెండు కాళ్ళూ తన్నిపెట్టి కూర్చునేవాడు. మొదటిసారి దిగినప్పుడు నేను బల్లిలా గోడను కరుచుకున్నాను. మోకాళ్ళు గీరుకుపోయాయి. పైనుంచి నాయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"గోడనెందుకు పట్టుకుంటావు మ్మా? గోడ నిన్ను మోస్తాదా? మోసేది నేను. వెనక్కి వాలు."

వాలాను. నా బరువు నా మీద నుంచి దిగిపోయింది. పాదాలు గోడకు ఆనించి, నేల మీద నడిచినట్టు నడుచుకుంటూ దిగాను. కింద చల్లగా ఉండేది. పాచి వాసన, తడి రాయి వాసన. పైన తలెత్తితే ఆకాశం చాటంత కనిపించేది. బురద చేత్తో తోడి గంపకెత్తుతుంటే నాయన పైనుంచి ఉండుండి పిలిచేవాడు. "ఉండా..." నేను ఇక్కడున్నానని దాని అర్థం. కిందనుంచి నేను కూడా "ఉండా..." అనాలి. నా గొంతు రాకపోతే మరుక్షణం తాడు పైకి లేచేది. ఒకసారి నెర్రెలో కప్పను చూస్తూ మైమరచి బదులివ్వడం మరిచాను. గంప వదిలేసి, నేను గాల్లో ఉన్నాను. పైకొచ్చాక తిట్టలేదు, కొట్టలేదు. నా తల పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు.

నెర్రెలో బురద అంతా పోయాక అరచేతికి సన్నగా ఊట తగిలేది. లోపలెవరో నా చేతిని నాకుతున్నట్టు. అదొక్కటి చాలు, ఆ ఎండాకాలాలన్నీ మళ్ళీ కావాలనిపిస్తుంది.

అందుకే మా పుట్టింట్లో తాడును ఎవరూ దాటేవాళ్ళు కాదు. మనిషిని మోసే వస్తువు కదా. అదే నేను ఈ ఇంటికి తెచ్చుకున్నాను.

ఓర్వకల్లుకు పిల్ల ముందే పోయింది. నన్ను నా కొడుకు బండి మీద తీసుకుపోయాడు. రొట్టెలు, ఊరిబిండి పచ్చడి మూట కట్టుకున్నాను. కొండ చూడటానికి పోయి హోటల్లో తిని రావడం నాకు గిట్టదు. పొద్దున్నే అయినా బండలు అప్పటికే వేడెక్కుతున్నాయి. తలలకు గట్టి టోపీలు పెట్టుకున్న పిల్లలు అక్కడక్కడా కూర్చుని ముడులు వేస్తున్నారు. ఒక అమ్మాయి మాట్లాడుకుంటూ వచ్చి, నేల మీద పరిచిన తాడును దాటబోయింది.

"ఏయ్ పాపా, కాలు!" అన్నాను.

ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడిపోయింది. పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. "సార్ కూడా ఇట్లే అరుస్తాడవ్వా. తాడు తొక్కితే ఆ పూట బువ్వ లేదంటాడు."

అప్పటికి ఆ సారు మీద నాకు కొంచెం మంచి అభిప్రాయం కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

బండ వెనకవైపు వాలుగా ఉంటే కొడుకు చెయ్యి పట్టుకుని పైకెక్కాను. అంచుకు కొంచెం ఇవతల సారు కూర్చుని ఉన్నాడు. నలభై నిండని మనిషి, ఎండకు నల్లబడిన మెడ. తనను ఒక పెద్ద రాతిగుండుకు కట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి, రెండు చేతుల్లో తాడు పట్టుకున్నాడు. ఆ తాడు కొసన, బండ అంచు మీద, లోయకు వీపు పెట్టి, వంగి బండను పట్టుకుని మా పిల్ల ఉంది.

నేను వచ్చిన పనే మనిషిని చూడటం కదా. చూశాను. ఇక అడగాలి.

"ఏమప్పా, నీదే ఊరు?"

పలకలేదు.

"నిన్నేనప్పా. నీదే ఊరంటాండా."

తల కూడా తిప్పలేదు. చెవుడేమో అనుకుందామంటే, నా గొంతు మా వీధి చివరికి వినిపిస్తుంది. నా కొడుక్కి కోపం వచ్చింది. "పెద్దామె అడుగుతాంటే పలకవేందయ్యా? మర్యాద లేదా?"

దానికీ బదులు లేదు. నా ఒళ్ళు మండింది. ఎదురుగా ఉన్న ముసలిదానికి ఊరి పేరు చెప్పలేనివాడు, అంత దూరాన మంచులో మా పిల్లను ఏం చూస్తాడు? ఇక చూసేదేమీ లేదనిపించింది.

"పా, ఇంటికి పోదాం. ఆ పాపను కూడా విప్పమను," అని వెనక్కి తిరిగాను.

అప్పుడు వినిపించింది.

"ఉండా మ్మా. నేను ఉండా. బండను పట్టుకోవద్దు, వెనక్కి వాలు."

ఆ మాట నాతో కాదు, మా పిల్లతో. నా కాళ్ళు అక్కడే నిలబడిపోయాయి.

ఒక ఎండాకాలం నేను బావిలో ఉండగా మా మేనమామ వచ్చాడు. రోజూ ఒడ్డున నిలబడే అమ్మ ఆ పూట ఇంటి దగ్గరుంది. మా అమ్మకు అన్న, ఊరికూరికే వచ్చే మనిషి కాదు. చెల్లెలికని శనగల మూట భుజాన వేసుకుని నడిచొచ్చాడు. "వచ్చినా బావా," అన్నాడు. నాయన పలకలేదు. మళ్ళీ పిలిచాడు. నాయన తిరిగి చూడలేదు. అదంతా నాకు కింద వినిపిస్తూనే ఉంది. మామ కాసేపు నిలబడి, మూట అక్కడే దించి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. నన్ను పైకి లాగి, నా మొహం కడిగాక, నాయన ఆ మూట చూసి "ఎవురొచ్చి పోయింది?" అని అడిగాడు. సంగతి తెలిసి అమ్మ ఏడ్చిన ఏడుపు చెప్పతరం కాదు. తర్వాత నాయన నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ ఊరికి పోయాడు. మామ గుమ్మంలోనే అడిగాడు. "నా గొంతు వినపడలేదా బావా?"

"పాప గొంతు తప్ప నాకేమీ వినపడలేదు," అన్నాడు నాయన.

మామ నా వైపు చూశాడు. నా మోకాళ్ళ మీది గీతలు చూశాడు. "విస్తర్లు వెయ్యి," అన్నాడు లోపలికి తిరిగి. అప్పట్నుంచి మా రెండిళ్ళలోనూ అదొక కట్టుబాటు. తాడు చేతిలో ఉన్నవాడిని ఎవరూ పలకరించకూడదు.

ఆ కట్టుబాటులో పెరిగిన నేను, ఓర్వకల్లు బండ మీద నిలబడి అచ్చం మా మామలాగే అలిగాను.

"పోదామంటివి కదమ్మా," అన్నాడు కొడుకు.

"గమ్మునుండు."

మా పిల్ల బండను కరుచుకునే ఉంది. మొహం పాలిపోయింది. నన్ను చూసింది. "జేజీ, నువ్వట్ల చూడొద్దు. ఇంకా భయమైతాది."

నేను కర్నూలు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. వీపు వెనక సారు గొంతు ఒక్కటే. "ఉండా... వాలు... ఉండా..." కాసేపటికి తాడు రాతి మీద రాసుకుంటూ కదిలిన సద్దు. ఓరకంట చూశాను. అంచు మీద పిల్ల లేదు. ఆ మనిషి చేతుల్లో తాడు కొంచెం కొంచెంగా పోతోంది. మా అమ్మ బావి ఒడ్డున నిలబడి చూసింది ఇదేనన్నమాట. కూతురిని కాదు, కదిలే తాడును.

"దిగినా జేజీ!" కిందనుంచి కేక వచ్చింది.

సారు తాడు వదిలి, నడుము కట్టు విప్పుకుని లేచాడు. నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మాది కోసిగి దగ్గరమ్మా. ఇందాక అడిగితిరి కదా."

"వినపడిందే? మరి అప్పుడే చెప్పొచ్చు కదప్పా," అన్నాడు నా కొడుకు, ఇంకా కోపం తగ్గక.

"అప్పుడు మీ పాప నా చేతిలో ఉండెనన్నా."

నేను మూట విప్పి మొదటి రొట్టె అతనికే పెట్టాను. నిలబడే తిన్నాడు, ఊరిబిండి ఇంకొంచెం అడిగి వేయించుకున్నాడు. అమ్మానాయనలు పనులకు వలసపోతే తనను వాళ్ళవ్వే సాకిందని చెప్పాడు. తానూ ఇట్లాంటి కోర్సుల్లోనే నేర్చుకున్నాడట. మొదటిసారి బండ దిగినప్పుడు ఏడ్చానని, దాచుకోకుండా చెప్పాడు.

ఇంటికొచ్చాక కొడుకు అడిగాడు. "ఏమంటావు మ్మా?"

"అటక మీద కంబళి ఉండాది. దించి దులుపు."

మా పిల్ల ఎగిరి నన్ను కరుచుకుంది. కంబళి మాత్రం తీసుకుపోనంది. బరువట. అక్కడ నిండా కప్పుకునే సంచుల్లాంటివి వాళ్ళే ఇస్తారట. కురుబవాళ్ళు నేసిన కంబళిని కాదని, ఎవరెవరో పడుకున్న సంచిలో పడుకుంటానంటే నాకు నచ్చలేదు. చివరికి వాళ్ళ తాత కోతిటోపీ పెట్టుకుపోవడానికి ఒప్పుకుంది. చెవి దగ్గర చిరుగు ఉంటే కుట్టిచ్చాను. కొత్తది కొంటానంటే నేను ఒప్పుకోలేదు.

పోయాక ఫోను అందినప్పుడు అందేది, లేనప్పుడు లేదు. బూట్ల కింద ఇనుప పళ్ళు కట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ, చంటిపిల్లలా నడక నేర్చుకుంటున్నానంది. మంచు గొడ్డలి చేతికిచ్చి వాలు మీద కావాలనే జారమంటారట.

"జారేది కూడా నేర్పిస్తారా? దానికి అంత దూరం పోవల్నా?"

"జారినాక ఆగేది నేర్పిస్తారు జేజీ."

తర్వాత కొన్నాళ్ళు ఫోనే లేదు. పైకి తీసుకుపోయారని కొడుకు చెప్పాడు. నేను అడగలేదు. ఇంట్లో తాళ్ళన్నీ ఒకటికి రెండుసార్లు చుట్టి పెడుతూ ఉన్నానని కోడలు కనిపెట్టింది. అప్పుడే ఆమె అడిగింది, ఎందుకత్తా తాడు దాటొద్దంటావని. ఇన్నేళ్ళకు కూర్చోబెట్టి చెప్పాను.

పిల్ల తిరిగొచ్చింది. మన ఎండకు నల్లబడని ముక్కు మంచులో మాడి పొరలు లేచి వచ్చింది. బ్యాగు దించకముందే గబగబా చెప్పుకుపోతోంది. మంచులో పెద్ద నెర్రెలుంటాయట, బావంత లోతు, లోపల నీలంగా. అందులో ఎవరైనా పడితే పైకి తీయడం నేర్పడానికి, ఒకరిని కావాలనే తాడుతో దించుతారట.

నేను ఒక్కటే అడిగాను. "నిన్ను దించినప్పుడు తాడు ఎవురు పట్టుకునింది?"

"నన్ను దించలేదు జేజీ. నా జతదాన్ని దించినారు. తాడు పట్టుకునింది నేను."

దాని అరచేతులు తిప్పి చూశాను.

"పిలిచినావా?"

"పిలిచినా. 'ఉండా' అని పిలుస్తానే ఉండా. ఆ పిల్లకు తెలుగు రాదు. అయినా పలికింది."

పిల్ల బ్యాగుతోనే నడవబోతూ, గడపలో పడి ఉన్న పలుపును చూసి ఆగింది. వంగి తీసి, చుట్టి, గోడకు తగిలించి లోపలికి పోయింది.