అక్క పంపిన మనియార్డర్లు

పోయిన మంగళవారం మా అక్క చనిపోయింది. వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులో చాట ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిందట. పక్కన ఒలుస్తున్న ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి మా గడపలోనే కూలబడి, "మీ యక్క పలకల్యా తల్లీ" అంది. నేను పోయేసరికి అక్క ఒళ్ళో ఇంకా కాయల పొట్టు ఉంది. దులపబోయి, ఎందుకో చేతులు రాక అట్లాగే కూర్చుండిపోయాను.

అక్క అంటే తోడబుట్టినది కాదు, నా తోడికోడలు. ధర్మవరంలో ఆ ఇంటికి నేను చిన్నకోడలిగా వచ్చేనాటికే మా బావగారు పోయారు. అక్కకు ఒక్కడే కొడుకు. ఒకటే ఇల్లు, నడుమ గోడ, గోడకు ఈ పక్క ఒక మగ్గం, ఆ పక్క ఒక మగ్గం. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. మేం ఇమిడాం. అది నా మంచితనమేం కాదు. నేను పది మాటలంటే ఆమె ఒకటి అనేది, ఆ ఒక్కటితో నా పదీ కొట్టుకుపోయేవి. ఇంక పోట్లాట ఎక్కడ?

నేతలో ఆమెకు మా వీధిలో సాటి లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టే ముందు చేతులు కడుక్కుని, పొడిగుడ్డకు వేలువేలూ తుడుచుకునేది. నేను కొంగుకు తుడుచుకుని కూర్చుంటే, "పట్టుకు నీ చెమట చూపిస్తావా" అని కసిరేది. ఆమె చీర మడత విప్పితే కొసల్లో ఒక్క పోగు లేచి కనపడేది కాదు.

కొడుక్కు మాత్రం ఆ గుంట గిట్టలేదు. మీసాలు రాగానే, "గుంటలో కాళ్ళు పెట్టుకోని ముసిలోన్నవుతానా" అని యాడికి అనే ఊరు దాటినాక ఒక పల్లెలో పెద్దాయన దగ్గర ట్రాక్టరు తోలడానికి పోయాడు. ఆ పల్లె పేరు రాయను. ఆ ఊళ్ళో రెండు పక్షాలు, ఒకటి ఆ పెద్దాయనది. ఒక ఎండాకాలం అవతలి పక్షంవాడిని రోడ్డు మీద నరికేశారు. అట్లాంటప్పుడు కేసుకు పేర్లివ్వడమని అక్కడొక పద్ధతి ఉంది. నరికింది ఎవరైనా, పెద్దాయన ఇచ్చిన పేర్లే పోలీసులకు పోతాయి. పేరు పోయినవాడు లోపలున్నన్నాళ్ళూ వాడి ఇంట్లో పొయ్యి ఆరకుండా పెద్దాయన చూసుకుంటాడు. జైల్లో వాడి ఖర్చులకూ నెలనెలా డబ్బు కడతాడు. వాడు బయటికి వచ్చాక ఇక చచ్చేదాకా ఆయన మనిషే. మా వాడు ఆ రోజు ఊళ్ళో కూడా లేడు. అయినా వాడి పేరు పోయింది. వాడు కాదనలేదు. యావజ్జీవం వేశారు.

శిక్ష పడిన వారానికే మా వీధిలోకి జీపు వచ్చింది. దిగినవాడు తెల్లచొక్కా మనిషి, మర్యాదస్తుడు. చెప్పులు కింద వదిలి మరీ అరుగెక్కాడు. వెనకాల ఒకడు బియ్యం బస్తా దించాడు.

"ఏమక్కా, బాగుండావా? పెద్దాయన పంపినాడు. మనోడు లోపలున్నన్ని దినాలూ ఈ ఇంటికి ఏం తక్కువ కాదు. ఆడికీ నెలనెలా దుడ్లు కడతాండాం."

"బియ్యం తీస్కపోన్నా," అంది అక్క. "మాకు తిండికి ఉండాది."

"పెద్దాయన మనసు నొచ్చుకుంటాడక్కా." నవ్వుతూనే అన్నాడు. మంచినీళ్ళడిగి తాగి, బస్తా అరుగుమీదే వదిలి పోయాడు.

అక్క దాన్ని లోపల పెట్టలేదు. నెల తిరిగేసరికి పక్కన ఇంకో బస్తా వచ్చింది. అది కరువు. మా వీధిలో ఒంటిపూట రాగిసంకటితో కడుపు కట్టుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అయినా ఒక్కరు పిడికెడు గింజలు ముట్టలేదు. పిల్లలు కూడా ఆ అరుగు దగ్గర ఆడుకోవడం మానేశారు. పిచ్చుకలు చిల్లులు పొడిచి తిన్నాయి, పురుగు పట్టింది. చివరికి ఆ తెల్లచొక్కా మనిషే వచ్చి బస్తాలు జీపులో వేయించుకుని పోయాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని నాకనిపించింది.

ఆ రోజు నేను ఉండబట్టలేక అడిగాను. "ఎందుకక్కా ఈ పంతం? వాళ్ళు పెట్టిన కేసు గదా, వాళ్ళనే మొయ్యనీ."

"పంతమేం కాదు," అంది, కండెకు పట్టు చుట్టుకుంటూ. "ఆడ వాడు ఎవురి దుడ్లతో సబ్బు కొంటాడో, ఎవురి దుడ్లతో బీడీ కాలుస్తాడో, బయటికొచ్చినాక వాళ్ళింటికే పోతాడు. వాడు నా దుడ్లే తినాల."

అప్పటినుంచి ప్రతి నెలా మొదటివారంలో పోస్టాఫీసుకు పోయేవాళ్ళం. జైలు అడ్రసుకు మనియార్డరు. డబ్బు జైలు ఆఫీసులో వాడి పేరున జమ అవుతుంది, లోపలి అంగట్లో వాడు కావలసింది కొనుక్కోవచ్చు. అక్కకు చదువు రాదు, ఫారం నేనే రాసేదాన్ని. కింద నాలుగు ముక్కలు రాసుకోవడానికి కాస్త చోటుంటుంది కదా, అక్కడ ఆమె ఎప్పుడూ ఒకటే మాట రాయించేది. "ఇవి మన మగ్గం దుడ్లు."

"బాగుండావా అనన్నా అడగక్కా," అనేదాన్ని.

"బాగుండడని తెలుసు గదా. అడిగి ఏం జేస్తావు?"

కరువు ముదిరింది. వరసగా వానలు లేవు, పట్టు ధర కొండెక్కింది. మగ్గానికి ఎక్కించే పట్టును మేం వార్పు అంటాం. దాన్ని షావుకారే ఇవ్వాలి, నేసినందుకు కూలి ఇచ్చి చీరలు ఆయనే తీసుకోవాలి. షావుకార్లు వార్పులు ఇవ్వడం మానేశారు. వీధంతా మగ్గాల చప్పుడు పోయి నిద్రపట్టక చచ్చాం. నా మగ్గం ఆగింది. మా ఆయన బెంగుళూరు పక్క కూలికి పోయాడు. అక్క మగ్గం మాత్రం ఒక్కనాడు ఆగలేదు. ఒక వార్పు అయిపోవస్తుండగానే ఇంకొకటి షావుకారు మనిషి ఇంటికే తెచ్చి ఇచ్చేవాడు. వీధిలో ఆడవాళ్ళు గుసగుసలాడారు. కందకు లేని దురద కత్తికెందుకని నేను నోరు మూయించాను. అక్క ఎప్పుడూ తన గురించి గొప్ప చెప్పుకునే మనిషి కాదు, ఆ ఒక్క విషయంలో చెప్పుకుంది. "షావుకారికి నా చెయ్యి తెలుసు," అంది. నేనూ అదే నమ్మాను. నేతగాళ్ళం మేం దేన్నైనా అనుమానిస్తాం గానీ మా చేతిపనిని మెచ్చుకుంటే అనుమానించం.

ఆర్నెల్లకోసారి ములాఖాత్‌కు పోయేవాళ్ళం. జాలీకి ఆ పక్క వాడు, ఈ పక్క మేం. మొదట్లో ఏడ్చేవాడు. తర్వాత ఏడవడం మానేశాడు. ఒళ్ళు చేశాడు, మెడ గట్టిపడింది. ఒకసారి అక్క, "లోపల నిన్నెవురన్నా కొడతాండారా నాయనా?" అని అడిగింది.

"నన్నెవురు కొడతారుమా? ఈడ కూడా మనోళ్ళుండారు. అందరం ఒకతావే తింటాం."

అక్క జాలీ పట్టుకున్న వేళ్ళు తీసేసింది. "మనోళ్ళంటే ఎవురు నాయనా?"

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. బయట చూడటానికి బీడు తప్ప ఏముంది? ఆ నెల మనియార్డరు కాస్త ఎక్కువే కట్టింది.

ఏళ్ళు గడిచాయి. మంచి నడవడి అని శిక్ష తగ్గించి వదులుతున్నారని కబురొచ్చింది. అక్క ఇంటికి సున్నం వేయించింది. పొద్దున్నే జైలు గేటు దగ్గరికి చేరాం. మాకంటే ముందే జీపు అక్కడుంది. తెల్లచొక్కా మనిషి నమస్కారం పెట్టాడు.

వాడు బయటికొచ్చి నేరుగా తల్లి కాళ్ళకు మొక్కాడు. జీపు వెనక తలుపు తెరిచి, "రాండక్కా, మిమ్మల్నీ ఇంటికాడ దించుతాం," అన్నాడు తెల్లచొక్కా మనిషి.

"మేం బస్సుకు పోతాంలేన్నా." అక్క కొడుకు చెయ్యి పట్టుకుంది. "రా నాయనా. ఇన్నేండ్లూ అమ్మ దుడ్లు తిన్యావు. నువ్వు ఎవురికీ ఏం బాకీ లేవు."

వాడు నేలకేసి చూశాడు. "అమ్మా, ఊర్లో ఎవురికీ లేని వార్పులు నీకొక్కదానికే ఎట్లొచ్చినాయనుకున్యావు? పెద్దాయన చెప్పినాడు, షావుకారు ఇచ్చినాడు. నువ్వు పంపినవీ ఆయప్ప దుడ్లేమా."

"ఇప్పుడెందుకప్పా ఆ మాట," అన్నాడు తెల్లచొక్కా మనిషి, నిజంగా నొచ్చుకున్నట్టే. వాడు చెయ్యి మెల్లగా విడిపించుకుని జీపెక్కాడు. అక్క అక్కడే నిలబడిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుంటే కాలే ఆ ఎండలో చల్లగా తగిలింది. అక్కను అంత ఓడిపోయి నేనెన్నడూ చూడలేదు.

మగ్గం మీద సగం చీర ఉంది. సగంలో వదలడం మా ఇళ్ళలో లేదు. అక్క దాన్ని పూర్తి చేసింది, ఎప్పటిలాగే చేతులు తుడుచుకుని, ఒక్క పోగు లేవకుండా. మడత తీసుకుపోయి షావుకారు ముందు పెట్టి, "ఇంక నాకు వార్పు పంపద్దన్నా," అంది. ఎందుకని ఆయన అడగలేదు. తలెత్తనూ లేదు. ఇంటికొచ్చి తట్టతో మన్ను మోసి మగ్గం గుంట తానే పూడ్చింది. మర్నాటినుంచి కాయల మిల్లుకు పోయింది. అంత నేత నేసిన వేళ్ళు కాయలు చిదిమి చిదిమి పగిలాయి. రాత్రి ఆముదం రాస్తే చిరచిరమన్నా నోరెత్తేది కాదు.

మరుసటి నెల మొదటివారంలో, "పోస్టాఫీసుకు పోదాం రా," అంది.

"ఎవురికి పంపేదక్కా?"

"వానికే. ఆ ఊరి పేరు రాయి."

"వాడు బయటికొచ్చినాడు గదా."

"యాడొచ్చినాడు? గేటు మారింది, అంతే."

రాశాను. కింద చోటులో ఏం రాయమంటావంటే, "కాయలు ఒలిచిన దుడ్లు అని రాయి," అంది. పోస్టుమాను రసీదు తెచ్చాడు. దానిమీద అక్క కొడుకు సంతకం ఉంది. చేతినిండా పైసలాడే మనిషి, నడుముకు కత్తి దోపుకుని తిరిగే మనిషి, అమ్మ పంపిన ఆ కాస్త డబ్బును నెలనెలా సంతకం పెట్టి తీసుకునేవాడు. ఎందుకు తీసుకునేవాడో అక్క నన్నడగలేదు, అడిగినా నేను చెప్పలేకపోయేదాన్ని.

ఒకరోజు జీపు మళ్ళీ వచ్చింది. తెల్లచొక్కా మనిషికి తల నెరిసింది. చెప్పులు వదిలే అరుగెక్కాడు.

"అక్కా, ఆ పంపేది చాలిచ్చు. ఆడ నలుగురూ నవ్వుతాండారు. పెద్దాయన చెవిన పడినాది."

"వాడు వద్దన్నాడా?"

ఆయన అరుగు మీది దుమ్ములో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"వాడు వద్దంటే మానుకుంటానన్నా."

ఆయన లేచి, వీధిలో ఆడుకుంటున్న మా పిల్లల్ని కాసేపు చూశాడు. "చిన్నపిల్లోళ్ళుండే ఇల్లు గదక్కా," అన్నాడు మెల్లగా. చెప్పులు తొడుక్కుని పోయాడు. ఆ నెలంతా పిల్లల్ని గడప దాటనివ్వలేదు నేను. అక్కమీద కోపంతో అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, "నువ్వు రాయద్దులే, పోస్టాఫీసు బయట కూర్చుండే ముసలాయప్పతో రాయిస్తా," అంది. ఆ మాటకు ఇంకా కోపం వచ్చింది. ఫారం నేనే రాశాను.

అక్క చనిపోయిన రోజు మధ్యాహ్నానికి వాడొచ్చాడు, జీపులోనే. తెల్లచొక్కా మనిషి అక్కమీద కప్పడానికి జరీ పట్టుచీర తెచ్చాడు. పాడె కట్టేవాళ్ళకు, గుంత తవ్వేవాళ్ళకు ఇద్దామని పర్సు తీశాడు. వాడు తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నవాడు లేచి నా దగ్గరికి వచ్చాడు.

"చిన్నమ్మా, ఈ నెలది ఇంకా రాలేదు," అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలికి పోయి, ఉప్పుజాడి వెనక అక్క ముడివేసి దాచిన గుడ్డమూట తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వాడు ముడి విప్పి, పాడె కట్టినవాళ్ళకూ, తవ్వినవాళ్ళకూ, పూలకూ తనే ఇచ్చాడు. తెల్లచొక్కా మనిషి పర్సు ముందుకు చాపితే, "వద్దన్నా," అన్నాడు. పట్టుచీర అరుగుమీదే ఉండిపోయింది.

మన్ను వేసి, బోరు దగ్గర స్నానాలు చేసి బయల్దేరాం. జీపు తలుపు తెరిచి ఉంది. వాడు తడిబట్టలతో దాన్ని దాటి వచ్చాడు.

"నేను నడుస్తాలే అన్నా, నువ్వు పో."

తెల్లచొక్కా మనిషి తలుపు వేసి డ్రైవరుకు ఏదో చెప్పాడు. అక్క కొడుకు రోడ్డు మధ్యన నడుస్తున్నాడు, వెనక్కి తిరిగి చూడకుండా, మా ఇంటి వైపు. జీపు ముందుకు దాటిపోలేదు, వెనక్కి తిరిగిపోనూ లేదు. వాడి నడకకు సరిపడా, వాడి వెనకాలే, మెల్లగా వస్తోంది.