చెయ్యి పట్టుకుని దించిన కోడలు

మా అత్తగారు పోయారు. ఆ కబురు నాకు రావికమతంలో, ఆఫీసులో ఉండగా వచ్చింది. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ లేవట్లేదే" అన్నారు. ఆవిడ పొద్దున్న కట్టిచ్చిన క్యారేజీ ఇంకా విప్పలేదు. దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. నర్సీపట్నంలో మా వీధి మలుపు తిరిగేసరికి గుమ్మం ముందు జనం నిలబడి ఉన్నారు.

పదిమందికీ తెలిసిన మనిషి కాదు ఆవిడ. వయసులో ఉన్నన్నాళ్ళూ జీడిపిక్కలు కొట్టారు. ఆ సొనకి వేళ్ళ కొసలు నల్లబడి, చర్మం లేచిపోయి, రేషన్ మిషన్ మీద వేలిముద్ర పడేది కాదు. ఆ మిషనుకి నేను లేనట్టే లెక్క అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

ఆవిడకో అలవాటు. తను ఎక్కడికీ వచ్చేవారు కాదు, వెళ్ళొచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి చెప్పించుకునేవారు. సినిమా కానీ, పెళ్ళి కానీ, విశాఖపట్నం బీచి కానీ. "మీరు సూసొచ్చి సెప్పండి, నాకు సాలు" అనేవారు. రెండ్రోజులు పోయాక అదే సంగతి వీధిలో ఆవిడ చెబుతుంటే, చూసొచ్చిన మాకే మళ్ళీ వినాలనిపించేది. ఎవరో ఒకరు ఇంటికి కాపలా ఉండాలి కాబట్టి ఆ అలవాటు పట్టుబడిందని నాకు ఏనాడూ తట్టలేదు. నా బుర్ర అలాంటిది.

అలాంటి మనిషి మా దగ్గర నోరు తెరిచి అడిగింది ఒక్కటే. బొర్రా గుహల్లో ఉన్న శివుణ్ణి చూడాలని. పోయిన కార్తీకమాసంలో ఒక సోమవారం వ్యాను మాట్లాడుకుని బయల్దేరాం. మేమిద్దరం, ఆరేళ్ళ మా అమ్మాయి, ఏడాదిన్నర బాబు, ఆవిడ. ఆవిడకి ఉపవాసం. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇంకెంత దూరం అని డ్రైవర్ని అడుగుతూనే ఉన్నారు.

గుహ ముఖద్వారం దగ్గర మెట్లు తడిగా ఉన్నాయి. బాబు నా భుజం మీద నిద్రపోయాడు, చెయ్యి లాగేస్తోంది. ఆవిడ అప్పటికే చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని దిగడానికి సిద్ధంగా ఉన్నారు.

"మీరు దిగితే మళ్ళీ ఎక్కలేరత్తా. ఎవరు మొయ్యాలి?" అన్నాను.

మా ఆయన టికెట్లు చూసుకుంటున్నట్టు తల వంచుకున్నారు. ఆవిడ లోపలి చీకటికేసి కాసేపు చూశారు. తర్వాత బాబుని నా భుజం మీంచి తీసుకున్నారు.

"అవునులే. బాబుని నానెత్తుకుంటాను. మీరు బేగి వచ్చీండి."

మోకాళ్ళ మీద జాలితో అన్నాననుకుంటారేమో. కాదు. ఆవిడకంటే పెద్దావిడ ఒకామె మనవడి చెయ్యి పట్టుకుని మా ముందే దిగింది, నా కళ్ళతో చూశాను. చంకలో పిల్లాడూ వెనకాల ముసలావిడా లేకుండా ఒక్క గంట హాయిగా తిరగాలని నా ఆశ. తిరిగాను. ఫోటోలు దిగాను. ఎంత దిక్కుమాలిన ఆశ!

పైకొచ్చేసరికి ఆవిడ ఒక రాయి మీద కూర్చుని, చిన్న పుల్లతో కోతుల్ని అదిలిస్తున్నారు. బాబు ఒళ్ళో పాడుచేసిన చీర సగం ఆరింది. నన్నేమీ అడగలేదు. మా అమ్మాయిని దగ్గరికి తీసుకుని, స్వామి ఎలా ఉన్నాడని అడిగారు. అది తిరుగు ప్రయాణమంతా చెబుతూనే ఉంది. ముందు కిందికి దిగాలట, మళ్ళీ ఇనప మెట్లెక్కాలట, ఒకచోట పచ్చ లైటు, ఒకచోట ఎర్ర లైటు, పైనుంచి చుక్క పడి ముక్కు తడిసిందట. ఈసారి మిమ్మల్ని తప్పకుండా దింపుతాం అన్నాను. అనేసి నిద్రపోయాను.

ఈసారి రాలేదు.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఎదురింటావిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. "మీ అత్త ఎన్నిసార్లు సెప్పిందో అమ్మా. మెట్టు మెట్టుకీ నా కోడలు సెయ్యట్టుకుని దింపింది, ఇనప మెట్లు ఎనకాలుండి ఎక్కించింది, సామి కాడ నుదుట నీటిసుక్క పడింది అని. కన్నకూతురు కూడా అలాగ సెయ్యదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునవునన్నారు. నా చేతిలో విస్తళ్ళ కట్ట ఉంది. కాదు, నేను దింపలేదు, బయట కూర్చోబెట్టాను అని చెప్పాలి. "ఆఁ" అన్నాను. ఆ పొగడ్త అలాగే మింగేశాను. అందుకే ఇది రాస్తున్నాను. వాళ్ళెవరైనా చదివితే చదవనీ.

అందరూ వెళ్ళాక మా అమ్మాయిని అడిగాను, గుహ గురించి మామ్మకి ఇంకా ఏమేం చెప్పావని.

"చెప్పడం కాదమ్మా, తీసుకెళ్ళాను" అంది.

నన్ను మేడమెట్ల కిందికి తీసుకెళ్ళింది. అక్కడ చీకటిగా, వంగి దూరాల్సిన చిన్న చోటుంది. గ్రైండరు కొన్నాక పక్కన పెట్టేసిన రుబ్బురోలు, అందులో నిలబెట్టిన పొత్రం. పొత్రం మీద మూడు విభూతి గీతలు. నేను ఆఫీసుకి వెళ్ళాక, బడి లేని రోజుల్లో, మామ్మా మనవరాలూ మేడ మీంచి బయల్దేరేవాళ్ళట.

"మామ్మ కళ్ళు మూసుకునేది. నేను చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపేదాన్ని. ఇక్కడికొచ్చాక నుదుటి మీద నీళ్ళ చుక్క వేసేదాన్ని. ఆటలో నేను నువ్వన్నమాట."

ఆ రోలు పక్కనే కూర్చున్నాను. ఏమైందని అది అడుగుతూనే ఉంది.

రోజూ వెళ్ళి చూస్తున్నాను. ఆవిడ పెట్టిన ఆ మూడు గీతలూ కొంచెం కొంచెం రాలిపోతున్నాయి. మళ్ళీ పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు.