గొంతు లేని పాట

జెరెమియాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అమీర్‌పేటలో అనేవాళ్ళు. అబద్ధం. ముక్కు దాకా ఎక్కే ఓపిక దానికెక్కడిది? అరచేతిలోనే కాపురం ఉండేది. పంజాగుట్టలో ఓ బట్టల మాల్‌కి సెక్యూరిటీ ఇన్‌చార్జి అతను. పార్కింగ్‌లో హారన్ ఆపనన్న కుర్రాడి బైకు తాళంచెవి లాక్కుని, దాంతోనే వాడి పెదవి చీల్చాడు. సిగ్నల్ దగ్గర బండికి తగిలించి పైగా తిట్టిన ఆటోవాణ్ణి చొక్కా పట్టి సీట్లోంచి ఈడ్చి, నడిరోడ్డు మీద ఛాతీ మీద మోకాలేసి తొక్కాడు. ఆదివారం వస్తే తెల్లచొక్కా తొడిగి, తోలు లేచిన పిడికిళ్ళు జోడించి చర్చిలో ముందు బెంచీ మీద కూర్చునేవాడు. దేవుడు చూస్తూ ఊరుకున్నాడు, మనమేం చేస్తాం.

ఆ చెయ్యి ఒక్క మనిషి మాటే వినేది. భార్య జీవమణిది. ఆమె అడ్డం పడేది కాదు, ఏడ్చేది కాదు. తాను కట్టుకున్న పాటొకటి వంటింట్లోంచే ఎత్తుకునేది. చర్చి అంతా నిండే గొంతు. పొగరుమోతు గిత్తకు ముకుతాడు వేసినట్టు జెరెమియా కుర్చీలో కూలబడేవాడు.

ఆమె కామెర్లతో పోయింది. పాట మాత్రం అమీర్‌పేటలో ఓ చిన్న స్టూడియోలో చేయించిన సీడీలో మిగిలింది. సమాధి చేసి వచ్చిన రోజు అది పెట్టుకుని, పల్లవికే తట్టుకోలేక ప్లేయర్‌ని గోడకేసి కొట్టాడు. ప్లేయర్‌తో పాటు సీడీ కూడా రెండు ముక్కలైంది. ఆ ముక్కలు చూసి జెరెమియా గోడకేసి తల బాదుకుంటుంటే తమ్ముడు ప్రేమ్ సాగర్ పట్టుకున్నాడు.

"నా పెన్‌డ్రైవ్‌ల ఉన్నదన్నా. ఫికర్ చెయ్యకు."

లోకంలో ఆమె గొంతు ఇక అదొక్క చోటే ఉంది.

ఆమె పోయిన సంవత్సరానికి జ్ఞాపకార్థ కూడిక తమ్ముడి ఫ్లాట్‌లో పెట్టుకున్నారు. ప్రేమ్ సాగర్ ఈమధ్యే సరౌండ్ సిస్టమ్ బిగించాడు. టీవీకి అటొక పెట్టె, ఇటొక పెట్టె, నడుమ ఒకటి, సోఫా వెనక రెండు, మూలన బేస్ డబ్బా. మధ్యాహ్నం, చుట్టాలు రాకముందే, అన్న ఒక్కడే మనసారా వింటాడని సోఫా మధ్యలో కూర్చోబెట్టి పాట పెట్టాడు.

ఎడమవైపు హార్మోనియం లేచింది. కుడివైపు తబలా అందుకుంది. జెరెమియా కళ్ళు మూసుకుని కాచుకున్నాడు. పల్లవి రావాల్సిన చోటు వచ్చింది, గొంతు రాలేదు. నూతిలో ఎవరో గొణిగినట్టు ఏదో లీలగా వినిపించింది, అంతే. హార్మోనియం ఆమె కోసం తగ్గుతోంది, మళ్ళీ అందుకుంటోంది. ఆమె లేదు.

"గొంతేదిరా?"

"ఉండాలెనే అన్నా... మొన్న సుత విన్న." ప్రేమ్ సాగర్ సౌండ్ పెంచాడు. కిటికీ అద్దాలు దద్దరిల్లాయి గానీ మనిషి రాలేదు.

చర్చిల్లో ఇప్పుడు ట్రాకుల కాలం. పాటలోంచి గొంతు తీయించేసి, ఉత్త వాద్యాల మీద పిల్లలు పాడతారు. సాయంత్రం కూడికలో ప్రేమ్ సాగర్ కూతురు ఒలీవియా పెద్దమ్మ పాట పాడబోతోంది. "ట్రాక్ రెడీ పెద్ద డాడీ" అని నిన్న ఫోన్‌లో తానే మురిసిపోతూ చెప్పింది. ఆ మాట ఇప్పుడు జెరెమియా బుర్రలో భగ్గుమంది.

"నీ బిడ్డ పాడనీకె నా పెండ్లాం గొంతు తీపిచ్చినవారా?"

"అన్నా, గది వేరే ట్రాక్. జర విను—"

వినే మనిషైతే కథ ఎందుకు? అరచెయ్యి తమ్ముడి ఎడమ చెవి మీద పడింది. ఆ దెబ్బకు ప్రేమ్ సాగర్ టీపాయ్ మీద పడ్డాడు. అద్దం పగిలింది. లేవబోతే కడుపులో తన్నాడు. బేస్ డబ్బాని కాలితో పొడిచి దాని గుండె చీల్చాడు. "దాన్ని రెండోసారి చంపినవు!" అని అరుస్తూ, మెడ పట్టి గాజుపెంకుల్లోకి మొహం అదిమాడు. ప్రేమ్ సాగర్ తిరిగి చెయ్యెత్తలేదు. అన్న మీద చెయ్యెత్తకూడదని ఆ ఇంట్లో రివాజు. తమ్ముడి మీద ఎత్తకూడదని మాత్రం ఎవరూ పెట్టలేదు.

తమ్ముడి భార్య జెనీఫర్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గరిటెతో జెరెమియా వీపు మీద బాదింది. అయినా వదల్లేదు.

"బావా! నడిమి డబ్బా నేనే తీసిన! అక్క ఫోటో పెట్టనీకె జాగ లేకుంటే వైరు గుంజి పక్కన పెట్టిన! గొంతులన్నీ అండ్లకెళ్ళే వస్తయి!"

నిజమే. టీవీ కింద, పూల మధ్య, జీవమణి ఫోటో ఉంది. రెండు పెట్టెల కోసం చేసిన పాటను ఆ సిస్టమ్ తెలివి మీరి ఐదింటికి పంచింది. నడుమ నిలబడి పాడే మనిషిని నడిమి పెట్టెకు పంపింది. ఆ పెట్టేమో పరదా చాటున మూగగా పడి ఉంది.

అరుపులకు లోపలి గదిలోంచి వచ్చిన ఒలీవియా ఏడుస్తూనే రిమోట్ అందుకుని స్టీరియో మీట నొక్కింది. వెనక పెట్టెలు ఆగిపోయాయి. ముందున్న రెండింటి నడుమ, సరిగ్గా ఫోటో ఉన్న చోట, జీవమణి పాడింది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

జెరెమియా చేతులు వదులయ్యాయి. గాజుపెంకుల మీదే తమ్ముడి పక్కన కూలబడి బావురుమన్నాడు. వంగి చెవిలో అన్నాడు, "తప్పైందిరా సాగర్. మాఫ్ చెయ్‌రా." బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట. ప్రేమ్ సాగర్ తల తిప్పలేదు. మళ్ళీ అన్నాడు. ఆ చెవిలోంచి దవడ మీదకు నెత్తురు కారుతోంది. ఆ పక్కన వాడికి వినపడటం లేదని అప్పటికి అర్థమైంది. తన చెయ్యి చూస్తే తనకే అసహ్యం వేసింది. రెండో పక్క నుంచి చెబుదామని లేచి, చుట్టూ తిరిగి వచ్చాడు.

అన్న తన మీదకు వంగడం చూసి ప్రేమ్ సాగర్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.