మాకేం తక్కువ

ఆ సర్వే కాగితం నేను చదివిన తీరే కొంప ముంచింది. ఇప్పటికీ తలుచుకుంటే నా నోటి మీద నాకే ఒళ్లుమంట.

మాది గురజాల వైపు ఊరు. మండలాఫీసు వాళ్లు ఇంటింటి సర్వేకి నన్ను పెట్టుకున్నారు. వెనకబడిన ప్రాంతాల నిధి కింద కొన్ని ఊళ్లకి మంచినీళ్ల ప్లాంట్లు వస్తాయన్నారు. ట్రైనింగ్ నరసరావుపేటలో. యూరప్‌లో కూడా ఇట్టాగే కలిగిన ప్రాంతాల డబ్బు లేని ప్రాంతాలకి మళ్లిస్తారని, అయితే ఎంత వెనకబడి ఉన్నామో ముందు మనమే చూపించుకోవాలని ట్రైనింగిచ్చిన సారు చెప్పాడు. బుద్ధిగా నోట్సు కూడా రాసుకున్నా.

మా ఊరి బోరు నీళ్లు నోట పెట్టలేం. ఉన్నోళ్లు క్యాన్లు తెప్పించుకుంటారు. లేనోళ్లు సాగర్ కాలవ దాటి పక్కూరి ప్లాంటుకి నడవాల్సిందే. మా పక్కింటి పిన్ని, చుట్టరికమేం లేదు, పిలుపే, మా ఆయన పోయినప్పటి నుంచీ తన బిందెతో పాటు నాకూ ఒకటి తెచ్చేది. మోకాళ్లు పట్టేసినా మానలేదు. బిందె దించి, అరుగు మీద కూలబడి, ఊళ్లో సంగతులన్నీ చెప్పిగానీ లేచేది కాదు. రోజు మొత్తంలో నాకు మాటలంటే అవే. ఆ ప్లాంటేదో మా వీధి చివర పడితే పిన్నికి కాలవ దాటే బాధ తప్పుతుందని నా ఆశ.

సర్వే రోజు పై ఆఫీసరు కూడా వచ్చాడు. ముందు పిన్ని ఇంటికే తీసుకుపోయా. ఆయన పక్కనున్నాడు గదా, మన తెలివి చూపిద్దామని ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివా. "మీది వెనకబడిన కుటుంబమేనా?"

పిన్ని మొహం ఎర్రబడింది. "ఏందే? వెనకబడ్డమేంది? ఎవరికి వెనకబడ్డాం మేం? మాకేం తక్కువ?"

"అది కాదు పిన్నీ, నీళ్లకి..."

"నీళ్లకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి! కూర్చోబెట్టు సారుని, టీ పెడతా."

పక్కిళ్ల వాళ్లు గుమ్మాల్లో నిలబడి విననే విన్నారు. ఇంకేముంది, వీధంతా అదే పాట. పల్నాటి పౌరుషం గదా! 'మంచినీళ్లకి ఎంత దూరం పోతున్నావు పిన్నీ' అని ఇంట్లో మాటగా అడిగుంటే, మోకాళ్లు చూపించి మరీ ఏకరువు పెట్టేది. చెప్పింది చెప్పినట్టు గడుల్లో టిక్కు పెట్టమన్నారు, పెట్టా. నిజం చెప్పొద్దూ, ఆఫీసరు ముందు మావాళ్లు తలొంచలేదని లోపల పొంగిపోయా కూడా. సిగ్గులేని దాన్ని.

ప్లాంటు వేరే ఊరికి పోయింది. మేం వెనకబడలేదంట.

పిన్ని నన్ను ఒక్కటే మాటంది. "చదువుకున్నదానివి, నువ్వన్నా చెప్పాలి గదే." ఆ వానాకాలమే కాలవ గట్టు మీద బిందెలతో జారిపడింది. సత్తెనపల్లి నుంచి కూతురొచ్చి తీసుకుపోయింది. అక్కడ గుమ్మంలోనే కుళాయంట. ఫోన్ చేస్తే బాగానే మాట్లాడుతుంది, రెండు నిమిషాలు.

నేనూ క్యానే తెప్పించుకుంటున్నా ఇప్పుడు. ఒక్కదానికి చానా రోజులొస్తుంది. అడుగున మిగిలింది మొక్కలకి పోస్తా. సాయంత్రం అలవాటుకొద్దీ అరుగు తుడుస్తా, కూర్చునేవాళ్లు లేకపోయినా.

మొన్న మళ్లీ సర్వే. ఈసారి వేరే ఊరి అమ్మాయిని పెట్టారు. చేతిలో కాగితం లేదు, ఫోనే. "ఒక్కరే ఉంటారా ఆంటీ? ఏమన్నా ఇబ్బందులున్నాయా?"

"నాకేం తక్కువమ్మా?" అనేశా. టిక్కు పెట్టుకుని వెళ్లిపోయింది.

పిన్ని ఇంటి తాళం చూసి, ఆ పిల్ల ఫోన్లో 'ఖాళీ' అని టైపు కొట్టుకోవడం గుమ్మంలోంచి చూశా. ఏమైందో నాకు, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తా. "ఆగమ్మా, నేను చెప్పింది తీసేయ్. తాగడానికి నీళ్లు లేవని రాయి. మాట్లాడే మనిషి లేదని రాయి."

ఆ పిల్ల ఫోను పైకీ కిందకీ జరిపి చూసింది.

"నీళ్లకుంది ఆంటీ. రెండోదానికి గడి లేదు."