కమలమ్మకు వాన నీళ్లు

మా కోడలు మొన్న బెంగళూరు నర్సరీ నుంచి కమేలియా మొక్కొకటి తెచ్చి, హిందూపురంలో మా మిద్దె మీద పెట్టి, ఆకులెందుకు పసుపుబారుతున్నాయని రోజుకు మూడుసార్లు నన్ను పిలిచి అడుగుతూ ఉంటే, జాలి కంటే విసుగే ముందొస్తోంది నాకు. ఆ జాతి చెట్టుతో నేను చిన్నతనంలోనే వేగిపోయినదాన్ని.

మా నాయన రైల్వే స్టేషన్లో గుమాస్తా. నీలగిరుల నుంచి ఎవరో తెచ్చిచ్చిన అట్లాంటి మొక్కనే సగానికి కోసిన నూనె డ్రమ్ములో నాటుకుని, హిందూపురం నుంచి పెనుకొండకు, ఆడ నుంచి ధర్మవరానికి బదిలీ అయిన ప్రతిసారీ మా పెట్టెలూ బిందెలూ తర్వాతి బండికి వదిలేసి, ముందు దాన్నే ఎక్కించేవాడు. దానికి సున్నపు నీళ్లు పడవట, వాన నీళ్లే కావాలట. మా బావి నీళ్లేమో బిందె లోపల తెల్లగా పొర కట్టేవి, వాటిలో కందిపప్పు మధ్యాహ్నమైనా ఉడికేది కాదు. ఏడాదికి నాలుగు వానలు పడితే పండగనుకునే సీమలో, చూరు కింద గంగాళాలు పెట్టి పట్టిన ఆ మెత్తని నీళ్లను అమ్మ ముట్టడానికి లేదు. పేరు నోరు తిరగక మా అవ్వ దాన్ని కమలమ్మ అనేది. వాసన లేని పువ్వుకు ఇంత చాకిరీనా అని ఆమె దెప్పితే, పూసినప్పుడు చూడమనేవాడు నాయన.

పూస్తే కదా. ఏటా చలికాలంలో మొగ్గలు ఉసిరికాయంత అయ్యి, వేడిగాలి తగలగానే ఒక్కొక్కటే రాలిపోయేవి. బడి నుంచి రాగానే ఎండ ఎటు తిరిగితే అటు దానికి గోనెపట్ట నీడ జరపడం నా పని, నా ఆటలన్నీ ఆ గోనెపట్ట కిందే పోయాయి.

నేను హిందూపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఏడు, నాయనకు కామెర్లు ముదిరి పుట్టపర్తి ఆసుపత్రిలో మూడు వారాలున్నాడు. అమ్మ ఆయన దగ్గరే ఉంది, ధర్మవరంలో అవ్వ ఒక్కతే. సరిగ్గా అప్పుడే ఒక మొగ్గ విచ్చింది. కళ్లకు పొర కమ్మిన అవ్వ దాన్ని చేత్తో తడిమి తెలుసుకుని, ఆదివారం వచ్చి చూసి నాయనకు చెప్పమని నాకు కబురంపింది. పరీక్షలున్నాయని పోలేదు. పంతంతోనే పోలేదన్నది నిజం. ఆ పై ఆదివారం పోతే, డ్రమ్ము పక్కన రాలిన పువ్వు గోధుమరంగు ముద్దై పడి ఉంది.

నాయన ఇంటికొచ్చి, ఇంకా పచ్చదనం వదలని కళ్లతో చెట్టు దగ్గర కూర్చుని నన్ను పిలిచాడు.

"అవ్వకు కన్ను ఆనదు. నువ్వు చూసినావు గదా పాపా, ఏ రంగుండాది?"

చూశానన్నాను. ఎరుపన్నాను. ఎట్లాంటి ఎరుపని అడిగితే, పక్కింటి మగ్గం మీదున్న చీర అంచు రంగు చెప్పాను. ఆయన చాలాసేపు తలాడించాడు.

"అట్లే ఉంటాదనుకొంటి" అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే చెట్టు ఎండిపోయింది. నాయన పెద్దగా బాధపడలేదు, ఇంట్లో ఒకరైనా చూశారు కదా అన్నాడు.

ఇప్పుడు ఏ దేశపు పువ్వయినా ఫోన్లో నిమిషంలో కనిపిస్తుంది, ఒకరు చూసొచ్చి చెప్పాలని ఇంకొకరు కాచుకుని కూర్చునే పని లేదు. ఆ రోజులే ఇప్పుడై ఉంటే నా అబద్ధం ఒక పూటైనా నిలిచేది కాదు. ఆయనే పోయి ఇన్నేళ్లయింది. ఆ పువ్వు తెల్లనిదో, గులాబీ రంగుదో నాకు ఇప్పటికీ తెలియదు.